కోత మారితే పొగ మారుతుందా?

పైపు కాల్చేవాళ్ల మధ్య తరచూ వినిపించే సలహా ఒకటుంది: ఫ్లేక్ అయితే కొని దాచుకో, రిబ్బన్ అయితే కొని కాల్చేసుకో. ఒత్తిన పొగాకు దిమ్మను పల్చటి పలకలుగా కోస్తే అది ఫ్లేక్. ఆకును సన్నటి పోగుల్లా తరిగితే రిబ్బన్. ఏళ్లు గడిచేకొద్దీ ఫ్లేక్ మాగి కమ్మబడుతుందని, రిబ్బన్ అంతగా మాగదని ఈ సలహా వెనక ఉన్న నమ్మకం. నేనూ చాలాకాలం దీన్ని నమ్ముకునే డబ్బాలు దాచాను. సలహా తప్పు కాదు. అది చెప్పే కారణం మాత్రం సగమే నిజం.

కట్ అనే ఒక్క మాటలో మనం మూడు పనుల్ని కలిపేస్తున్నాం. ఏ ఆకు వాడారన్నది ఒకటి. దాన్ని ప్రెస్‌లో పెట్టి ఒత్తారా లేదా అన్నది రెండోది. చివరికి కత్తి ఎంత సన్నగా దిగిందన్నది మూడోది. ఈ మూడూ కలిసి డబ్బా మీద ఒకే పేరుగా కనిపిస్తాయి: ఫ్లేక్, ప్లగ్ (పలకలుగా కోయని కడ్డీ), రిబ్బన్, షాగ్ (రిబ్బన్‌కంటే సన్నటి పోగులు). అందులో కత్తి వాటా ఎంత, ప్రెస్ వాటా ఎంత, ఆకు పుట్టుకతో తెచ్చుకున్నదెంత అని విడదీసి చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

కత్తితో మొదలుపెడదాం, ఎందుకంటే దాని లెక్క తేలిక. ఒత్తిన పొగాకు ముక్క ఒకటి ఊహించుకోండి: పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 1 సెంటీమీటరే. దానికి గాలి తగిలే మేర మొత్తం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 1 మిల్లీమీటరు మందాన పది పలకలుగా కోస్తే ఆ మేర 24 అవుతుంది. పలకల్ని మళ్లీ 1 మిల్లీమీటరు వెడల్పున పోగులుగా తరిగితే 42. పోగుల మందం, వెడల్పు రెండూ అర మిల్లీమీటరుకు తగ్గిస్తే 82. బరువు రవ్వంత కూడా పెరగలేదు, నిప్పు పట్టుకునే చోటు మాత్రం దాదాపు 14 రెట్లయింది.

పొయ్యి రాజేసిన చేతులకు ఇది కొత్త సంగతేమీ కాదు. చితుకులు భగ్గుమంటాయి, దుంగ నిదానంగా రాజుకుని అంతకంటే నిదానంగా కాలుతుంది. షాగ్ చితుకుల కట్టలాంటిది. ఒక్క అగ్గిపుల్లతో అంటుకుంటుంది, లాగినకొద్దీ మండుతుంది. మందపాటి ఫ్లేక్‌ను మడిచి పైపులో దూరిస్తే అది దుంగ. అంటుకోవడానికి రెండు మూడు పుల్లలు అడుగుతుంది, మధ్యలో ఆరిపోతుంది, అయినా ఎక్కువసేపు చల్లగా కాలుతుంది.

మరి ఇందులో రుచి ఎక్కడ మారుతోంది? పైపులో జరిగేది ఉత్త కాలడమే కాదు. మనం దమ్ము లాగినప్పుడు పైనున్న నిప్పు వేడి కిందికి దిగుతుంది. ఇంకా కాలని పొగాకు గుండా ఆ వేడిగాలి వెళ్తూ అందులోని సుగంధ నూనెల్ని ఆవిరి చేసి మోసుకొస్తుంది. మనం రుచి అనుకునే దాంట్లో పెద్ద భాగం నిప్పుకు సరిగ్గా కిందున్న ఆ పొరలోంచి వస్తుంది. నిప్పు నిదానంగా ఉంటే ఆ నూనెలు చెడకుండా పొగలో కలుస్తాయి. నిప్పు చెలరేగితే ఆవిరయ్యే వ్యవధి లేకుండా అక్కడే కాలిపోతాయి. అప్పుడు నోటికి మిగిలేది వేడి, నీటి ఆవిరి, కాస్త చేదు. నాలుక చురుక్కుమనడం చాలాసార్లు ఈ వేడి ఆవిరి పనే. ఒకే పొగాకును ఫ్లేక్‌గా కాల్చితే తియ్యగా, సన్నగా తరిగి కాల్చితే చప్పగా, ఘాటుగా అనిపించడానికి అసలు కారణం ఇది.

షాగ్ అంటే నాసి రకం అని మాత్రం అనుకోకండి. దాన్ని కాస్త గట్టిగా నింపి, చిన్న చిన్న దమ్ములతో కాల్చేవాళ్లకు అది ఎంత తేటగా ఉంటుందో ఒకసారి చూస్తే తెలుస్తుంది. ఇంజిన్‌లా లాగేవాళ్ల చేతిలో పడితేనే దాని పరువు పోతుంది.

క్యూబ్ కట్ దారి వేరు. చిన్న చిన్న గళ్లలాంటి ముక్కలు పైపు గిన్నెలో పోస్తే వాటంతట అవే సర్దుకుంటాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. గాలి ఆ ఖాళీల గుండా ఒకే తీరున వెళ్తుంది, ఒక్కో ముక్కా మాత్రం దుంగలా నిదానంగా కాలుతుంది. ఈ తీరులో కోసేవాటిలో ఎక్కువ బర్లీ పొగాకులే కావడం యాదృచ్ఛికం కాదు. చక్కెర లేని ఆ ఆకు వేడెక్కితే గరుకుగా తయారవుతుంది, దాన్ని చల్లగా కాల్చడమే దాని సౌఖ్యం. 1907లో మార్కెట్‌లోకి వచ్చిన ప్రిన్స్ ఆల్బర్ట్ అనే అమెరికన్ బర్లీ పొగాకు క్రింప్ కట్‌లో ఉంటుంది: రవ్వ రవ్వగా, చిందరవందరగా తరిగిన ముక్కలు. చూడ్డానికి ఏమంత అందంగా ఉండదు గానీ ఎవరు ఎలా నింపినా కాలుతుంది.

ఇంతవరకు కత్తి మాట. దానికంటే ముందు ప్రెస్ చేసే పని లోతైనది, కనిపించనిది కూడా. ఈనె తీసిన ఆకుల్ని తేమ చేసి, దొంతర్లుగా పేర్చి, బరువు కింద ఒత్తుతారు. తరచూ దానికి వేడి గానీ ఆవిరి గానీ తోడు చేస్తారు. కొన్ని గంటలు ఒత్తి తీసేసేవాళ్లున్నారు, రోజులూ వారాలూ ఉంచేవాళ్లున్నారు. బయటికొచ్చేది దిమ్మ. దాన్ని కడ్డీలుగా కోసి అలాగే అమ్మితే ప్లగ్, పలకలుగా కోస్తే ఫ్లేక్, ఆ పలకల్ని నలిపి అమ్మితే రెడీ రబ్డ్. తరిగిన పోగుల్నే మళ్లీ ఒత్తి, చేత్తో తుంచితే పొడిపొడిగా రాలేలా చేస్తే క్రంబుల్ కేక్.

ఒత్తిడికి ఆకు కణాలు చితుకుతాయి, లోపలి రసాలు పక్క ఆకులోకి ఇంకుతాయి. తేమ, వేడి, చక్కెర, ఎమైనో ఆమ్లాలు ఒకచోట చేరాయంటే మైయార్ చర్య మొదలవుతుంది. రొట్టె పైపొర గోధుమరంగుకు తిరిగేది, కాఫీ గింజ వేగినప్పుడు ఆ వాసన వచ్చేది ఈ చర్యతోనే. పసుపుపచ్చగా ప్రెస్‌లోకి వెళ్లిన వర్జీనియా ఆకు ఎర్రగానో ముదురు గోధుమరంగులోనో బయటికి రావడం వెనక ఉన్నది అదే. ఎండుగడ్డిలా, నిమ్మతొక్కలా ఉన్న వాసన రొట్టె వైపు, ఎండుద్రాక్ష వైపు జరుగుతుంది. కాలం ఏళ్ల తరబడి చేయబోయే పనిలో కొంత ప్రెస్ ముందే చేసి పెడుతుందన్నమాట. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే రావాలి.

ప్రెస్ చేసే రెండో పని కలపడం. నాలుగు రకాల ఆకుల్ని పోగులుగా తరిగి ఉత్తగా కలిపితే ఒక్కో దమ్ములో ఒక్కోటి పైకి తేలుతుంది: ఒకసారి పొగలో ఆరబెట్టిన లటాకియా ఆకు వాసన, ఇంకోసారి ఓరియంటల్ ఆకు పులుపు, మధ్యలో వర్జీనియా తీపి. అవే ఆకుల్ని కలిపి ఒత్తితే అంచులు అరిగిపోతాయి, గిన్నె మొదలు నుంచి అడుగు దాకా ఒకటే స్వరం వినిపిస్తుంది. ఏది మంచిదన్నది ఎవరి నోరు వాళ్లదే. నాకైతే లటాకియా మిశ్రమాలు రిబ్బన్‌గానే ఇష్టం, ఆ తొందరపాటు మార్పులే అందులో ఆట. వర్జీనియా మాత్రం ఒత్తాల్సిందే.

యంత్రాల ప్రెస్సులు రాకముందే ఒత్తిడి గుట్టు తెలిసినవాళ్లున్నారు. ఆకుల్ని తాడులా పేని బిగిస్తే ఆ బిగింపే ప్రెస్. రోప్, ట్విస్ట్ అనే రకాలు అలా పుట్టాయి. నావికులు పొగాకును తాళ్లతో బిగించి కట్టి, అవసరమైనప్పుడు అంచు నుంచి కోసుకునేవారని, నేవీ కట్ అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు. పేనిన తాడును అడ్డంగా పల్చగా కోస్తే నాణేల్లాంటి బిళ్లలొస్తాయి. ఎస్క్యూడో అనే పొగాకు ఇందుకు పేరున్న ఉదాహరణ, వర్జీనియా ఆకు, మధ్యలో పెరీక్. ఈ పెరీక్ ఒత్తిడికి పరాకాష్ఠ అనొచ్చు. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, సెయింట్ జేమ్స్ పారిష్‌లో ఆకుల్ని విస్కీ పీపాల్లో కుక్కి, స్క్రూ జాకీలతో అదిమి, ఏడాది పైబడి తమ రసంలోనే ఊరనిస్తారు. మధ్యలో కొన్నిసార్లు మాత్రం తీసి గాలి తగలనిచ్చి మళ్లీ అదుముతారు. బయటికొచ్చేసరికి మిరియం ఘాటు, మగ్గిన పండు వాసన.

కావెండిష్ అన్న పేరు మాత్రం అందర్నీ తికమక పెడుతుంది. అది కట్ పేరులా వినిపిస్తుంది గానీ నిజానికి ఒక వండే పద్ధతి. ఆకును తీపితో తడిపి, ఆవిరిలో ఉడికించి, ఒత్తి, ఆ తర్వాత తరుగుతారు. వెడల్పుగా, వదులుగా తరిగిన ఆ పోగులు పైనుంచి చల్లే వెనీలా, పండ్ల పరిమళాల్ని బాగా పీల్చుకుంటాయి. సువాసన పొగాకుల్లో అంత కావెండిష్ కనిపించడానికి ఇదొక కారణం.

ఇక్కడ ఒక పక్షం మరిచిపోతున్నాం. చివరి కత్తి ఫ్యాక్టరీలో లేదు, పైపు పట్టుకున్నవాడి చేతిలో ఉంది. ఎడ్జ్‌వర్త్ అనే పాత అమెరికన్ పొగాకు పలకలుగానూ, రెడీ రబ్డ్‌గానూ దొరికేది. క్యాప్‌స్టన్ అనే పొగాకు కూడా రెండు రూపాల్లో వచ్చింది. జీ ఎల్ పీస్ అనే సంస్థవాళ్లు జాక్‌నైఫ్ అనే పొగాకును ప్లగ్‌గానూ నలిపిన రూపంలోనూ ఇస్తారు. రెండు డబ్బాల్లోనూ ఆకు అదే, ప్రెస్ అదే. తేడా ఎవరు నలిపారన్నదే. ప్లగ్ కొన్నవాడికి అన్ని దారులూ తెరిచి ఉంటాయి: మందంగా కోసి మడిచి దూర్చవచ్చు, చిన్న గళ్లుగా కోయవచ్చు, పల్చగా చెక్కి పూర్తిగా నలపవచ్చు. రెడీ రబ్డ్ కొన్నవాడు వెనక్కి వెళ్లలేడు.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. ఒకే ఫ్లేక్ మూడు పలకలు తీసుకోండి. ఒకటి మడిచి దూర్చండి. ఒకటి వేళ్ల మధ్య నలిపి పోగులు చేయండి. మూడోదాన్ని కత్తెరతో గళ్లుగా కోయండి. మూడు రోజులు, ఒకే పైపు, రోజుకొకటి. మడిచినదాంట్లో తీపి నిదానంగా మొదలై సగానికి వచ్చాక చిక్కబడుతుంది. నలిపింది మొదటి దమ్ములోనే అన్నీ చెప్పేసి తొందరగా అయిపోతుంది. గళ్లది మధ్యస్థం. మొదట్లో నేను డబ్బా తీసిన వెంటనే, ఆ తేమతోనే, పలకను పొడిపొడిగా నలిపి గట్టిగా కుక్కేవాణ్ని. అరగంటలో పది పుల్లలు, మర్నాటి దాకా మంట నాలుక. పొగాకు మీద విసుగు తెచ్చుకుని రెండు డబ్బాలు ఎవరికో ఇచ్చేశాను కూడా. తప్పు పొగాకుది కాదని తెలిసేసరికి ఏడాది పట్టింది. ఫ్లేక్‌ను తరచూ డబ్బాల్లో, కాల్చడానికి తగినదానికంటే ఎక్కువ తేమతో పెడతారు. మడిచి కాల్చేదైతే ఇంకాస్త ఎక్కువసేపు ఆరాలి, ఎందుకంటే లోపలి తేమ బయటికి పోయే దారి తక్కువ. సన్నటి పోగులు పది నిమిషాల్లో ఆరిపోతాయి, అదే పనిగా వదిలేస్తే గలగలమని ఎండిపోతాయి.

ఇక మాగడం సంగతి. మాగేది ప్రధానంగా ఆకు. వర్జీనియాను కొట్టంలో వేడిగాలితో వారం రోజుల్లోపే ఆరబెడతారు. ఆకులోని పిండి చక్కెరగా మారిన దశలో వేడి దాన్ని అక్కడే ఆపేస్తుంది, అందుకే బరువులో 15 నుంచి 20 శాతం దాకా చక్కెర మిగలొచ్చు. బర్లీని నీడన వారాల తరబడి ఆరబెడతారు. ఆకు అన్నాళ్లూ ప్రాణంతో ఊపిరి పీలుస్తూ తన చక్కెరను తానే తినేస్తుంది, చివరికి దాదాపు ఏమీ మిగలదు. డబ్బాలో ఏళ్ల తరబడి జరిగే నెమ్మది మార్పులకు చక్కెర కావాలి. అది ఉన్న వర్జీనియా ఏటికేడాది చిక్కబడుతుంది, లేని బర్లీ మెత్తబడుతుంది గానీ పెద్దగా మారదు. ఆకుకు పసుపురంగు ఇచ్చే కెరోటినాయిడ్లు కూడా మెల్లగా విరిగి డమాస్కినోన్, అయోనోన్ లాంటి సుగంధ పదార్థాలుగా మారతాయి. గులాబీ వాసనలోనూ అవే ఉంటాయి. లటాకియా పొగలో ఆరబెట్టిన ఆకు. దాని ఘాటైన పొగవాసన ఏళ్లు గడిచేకొద్దీ వెనక్కి తగ్గుతుంది. కొందరికి అది నష్టం, కొందరికి నెమ్మది. పైనుంచి చల్లిన వెనీలా, పండ్ల పరిమళాలైతే దాచినకొద్దీ తరుగుతాయి.

ఇప్పుడు ఆ సలహా దగ్గరికి రండి. ఫ్లేకుల్లో, ప్లగ్గుల్లో ఎక్కువ భాగం వర్జీనియావే, లేదా వర్జీనియా పెరీక్ కలిసినవి. రిబ్బన్‌గా అమ్మేవాటిలో లటాకియా మిశ్రమాలు, బర్లీలు, సువాసన పొగాకులు ఎక్కువ. ఫ్లేక్ బాగా మాగుతుందని మనం చూసింది చాలావరకు వర్జీనియా మాగడాన్ని. ఆకు చేసిన పనిని కత్తి ఖాతాలో రాసేశాం. మంచి వర్జీనియాను రిబ్బన్‌గా తరిగి మూత బిగించి పెట్టినా కమ్మగా మాగుతుంది. బర్లీని ఎంత ఒత్తి పలకలుగా కోసినా వర్జీనియా అవదు.

అయితే కట్‌కు వాటా లేదని కూడా కాదు. మూత పెట్టిన డబ్బాలో మొదట కొంత గాలి ఉంటుంది. ఆ ఆక్సిజన్ ఉన్నన్నాళ్లూ ఒక తీరు మార్పులు, అది అయిపోయాక మరో తీరు, మరింత నిదానమైన మార్పులు. వదులుగా నింపిన రిబ్బన్ మధ్య గాలి ఎక్కువ, పోగుకు గాలి తగిలే మేర కూడా ఎక్కువ. అందుకని మొదటి నెలల్లో అది గబగబా మారుతుంది. వేరువేరు ఆకుల వాసనలు ఒకదానికొకటి పట్టుకోవడం కూడా అప్పుడే జరుగుతుంది, ఒత్తిన పొగాకులో ఆ కలయికను ప్రెస్ ముందే ముగించేసింది. డబ్బాకు సరిపోయేలా కుక్కిన ప్లగ్‌లో గాలికి చోటే ఉండదు. దాని లోపలి పొరలు ఫ్యాక్టరీ నుంచి బయల్దేరిన రోజు ఎలా ఉన్నాయో చాలాకాలం అలాగే ఉండి, తమలో తామే మెల్లగా మారతాయి. ఒక ఏడాదికి రెండూ తీసి చూస్తే రిబ్బన్ ఎక్కువ మారినట్టు ఉంటుంది. పదేళ్లకు తీస్తే ఆ తేడా అంతగా మిగలదని నా అంచనా. తేడా ఉన్నదల్లా దారిలో.

నా దృష్టిలో దాచుకోవడానికి ఒత్తిన పొగాకు మేలు అనడానికి అసలు కారణం మాగే గుణం కంటే పొరపాట్లను ఓర్చుకునే గుణం. మూత కాస్త వదులైందనుకోండి, రబ్బరు అంచు చిట్లిందనుకోండి. రిబ్బన్ కొద్ది వారాల్లో ఎండి, వాసన వదిలేస్తుంది. ప్లగ్ అదే తప్పును చాలాకాలం భరిస్తుంది. తక్కువ చోటు పట్టడం కూడా చిన్న లాభం కాదు. ఒక గాజు జాడీలో వదులు రిబ్బన్ పట్టేచోట దానికి రెట్టింపు బరువు ఫ్లేక్ సునాయాసంగా పడుతుంది. దాచేది ఏదైనా ముందే నలిపి పెట్టకండి. నలపడం కాల్చేముందు చేసే పని.

పాత ఫ్లేక్ తీసినప్పుడు పలకల మీద తళుకుమనే తెల్లటి చుక్కలు కనిపిస్తే కంగారు వద్దు. లోపలి పదార్థాలు పైకి వచ్చి స్ఫటికాలు కట్టడం అది, రిబ్బన్‌లోనూ ఉండొచ్చు గానీ పలక చదునుగా ఉండటంవల్ల దీని మీద బాగా కనిపిస్తుంది. వెలుగులో తిప్పితే మెరుస్తుంది. మెరవకుండా నూగులా, దూదిపింజలా లేచి, ముక్కిన వాసన వేస్తే అది బూజు, పారేయాల్సిందే. తేమ ఎక్కువున్న పొగాకును జాడీలో నింపేటప్పుడు తడి గరిటె, తడి చేతులు తగలనివ్వకపోవడం ఇందుకే. మాగిన పొగాకు కమ్మగా ఉంటుంది కదా, హాని కూడా తగ్గుతుందేమో అనుకునేవాళ్లను చూశాను. తగ్గదు. పైపు పొగ నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ తెస్తుంది, అది ఏ కట్ అయినా, ఎన్నేళ్లు మాగినదైనా.

ఎండిపోయిన పొగాకు సంగతి ఒక్కటి మిగిలింది. రిబ్బన్ ఎండితే తేమ మళ్లీ ఎక్కించవచ్చు: వెడల్పాటి గిన్నెలో పరిచి పైన తడిగుడ్డ కప్పితే, గుడ్డ పొగాకుకు తగలకుండా చూసుకుంటే, కొన్ని గంటల్లో మెత్తబడుతుంది. మెత్తదనం వస్తుంది గానీ నీటితోపాటు ఆవిరైపోయిన నూనెలు రావు, అందుకే అది కాలుతుంది తప్ప పలకదు. ప్లగ్ రాయిలా ఎండినా ఆశ వదులుకోకండి. పదునైన కత్తి తీసుకుని పై పొరను నాలుగు మిల్లీమీటర్లు చెక్కేయండి. చాలాసార్లు లోపల నల్లగా, జిగురుగా, కత్తికి అంటుకునేంత తేమతో పొగాకు ఇంకా మీకోసం కాచుకునే ఉంటుంది.